మా ముత్తాతకు రెండు పియానోలు

పోర్ట్ బ్లెయిర్‌లో రెండు పియానోలను ఒకే గదిలోకి తేవాలంటే ఎంతమంది కాళ్ళావేళ్ళా పడాలో నన్నడగండి. ఊరికి ఈమధ్య కొత్త పేరు పెట్టారు గానీ నా నోటికి పాతదే వస్తుంది, మార్చుకునే ఉద్దేశం కూడా లేదు. ఒక పియానో నేను సంగీతం చెప్పే బడిది, రెండోది చర్చిది. చర్చి పియానోను పికప్ బండి ఎక్కించి, టార్పాలిన్ కప్పి, డిగ్నాబాద్ మలుపుల్లో దాని వెనకే స్కూటర్ మీద వెళ్ళాను. బండి గుంతలో పడ్డప్పుడల్లా లోపలి తీగలన్నీ కలిసి మూలిగేవి. రోడ్డు పక్కన కూరగాయలు బేరమాడుతున్న వాళ్ళు కూడా బేరం ఆపి చూశారు.

మా దీవుల్లో పియానోకి శత్రువు సముద్రమే. చెక్క ఉబ్బుతుంది, మీటలు నొక్కితే లేవవు, తీగలు తుప్పు పడతాయి. తేమ ఆరడానికి పియానో కింది అరలో బల్బు వెలిగించి పెడతాం, కోడిపిల్లలకు పెట్టినట్టు. బడి పియానో ఆ బల్బు చలవ వల్ల కాస్త నయంగా ఉంది. చర్చిది మాత్రం శ్రుతి బాగా దిగిపోయింది. బిగించి పైకి తెద్దామంటే తీగలు తెగేలా ఉన్నాయి. శ్రుతి చేసేవాళ్ళు చెన్నై నుంచి రావాలి, వాళ్ళు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

అప్పుడు దీదీ చెప్పింది. "అది పైకి రాదు బేటీ. ఛోడ్ దో, వదిలెయ్. మంచిదాన్నే కిందికి దించేద్దాం."

దీదీ అంటే నాకు పియానో నేర్పిన మనిషి. అదే బడిలో పాతికేళ్ళకు పైగా సంగీతం చెప్పి రిటైరైంది. రాంచీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. పుట్టింది, పెరిగింది, ముసలిదైందీ ఇక్కడే. పక్కింటి తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకూ చావులకూ తిరిగి మన భాష మాట్లాడటం నేర్చుకుంది. ఆమె దగ్గర తీగలు బిగించే పాత శ్రుతి తాళంచెవి ఒకటుంది. దానితో ఇద్దరం కూర్చుని, బాగున్న పియానోను ఒక్కో మీట తాలూకు తీగ వదులు చేస్తూ చెడగొట్టాం. బుద్ధున్నవాళ్ళెవరూ చెయ్యని పని అది. పనయ్యాక లోకం లెక్కలో రెండు పియానోలూ తప్పే, పక్కపక్కన పెట్టి వాయిస్తే మాత్రం ఒకదానికొకటి ఒప్పే. మాకంతకంటే ఏం కావాలి!

ఇదంతా ఎందుకంటే, యుద్ధంలో పోయినవాళ్ళ స్మృతికి ఊళ్ళో ఒక సభ పెట్టారు. సభ ఏర్పాట్లు చూసే సార్ ఒకాయన మా బడికి వచ్చి, కాస్త గంభీరంగా ఉండే వెస్టర్న్ క్లాసికల్ ఏదైనా వాయించండి మేడమ్ అన్నాడు. దీదీకి వెంటనే ఒక సూట్ గుర్తొచ్చింది. సూట్ అంటే వరసగా కూర్చిన కొన్ని పాతకాలపు నాట్యాలు. యూరపు సంగీతకారుడొకాయన, వాళ్ళ యుద్ధంలో పోయిన స్నేహితుల కోసం రాశాడు. తలా ఒక నాట్యం. మొదట్లో ఒకటి చురుగ్గా సాగుతుంది, మధ్యలో ఒకటి చాలా నెమ్మది, ఆఖరిది మాత్రం పిడుగులా ఉంటుంది. ఒక్క మనిషి వాయించడానికి రాసిన దాన్ని రెండు పియానోలకు పంచుకున్నాం. దీదీ వేళ్ళకు కీళ్ళవాతం, నాకు అంత వేగం ఎప్పుడూ చేతకాలేదు. ఇద్దరం కలిస్తేగాని ఒక మనిషి కాము.

సాధన చేసే రోజుల్లో ఒకసారి నాయనమ్మను కూడా బడికి తీసుకెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు, ఆమెను ఒంటరిగా వదలడానికి భయం. నాయనమ్మకు ఎనభై దాటి చాలా ఏళ్ళే అయింది. ఆమె కాలమంతా వండూర్‌లో చేపల మధ్యే గడిచింది. తాతయ్య పోయాక మా నాన్న తెచ్చి ఎయిర్‌పోర్ట్ పక్కన లంబాలైన్‌లో మా ఇంట్లో పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ విమానం దిగినప్పుడల్లా ఎయిర్‌పోర్ట్ వైపు తిరిగి ఒక తిట్టు తిట్టడం ఆమె దినచర్య. పియానో ఆమెకు కొత్త కాదు గానీ, దాని మీద ఎప్పుడూ మంచి అభిప్రాయం లేదు. పిల్లలు సాధన చేస్తుంటే విన్నవాళ్ళెవరికీ ఉండదు.

ఆరోజు హాలు చివర కుర్చీలో కూర్చుని తమలపాకు నములుతూ ఉంది. మేం ఆఖరి నాట్యం మొదలుపెట్టాం. అందులో ఒకే స్వరాన్ని టకటకమని కొడుతూ పోవాలి, చెయ్యి అలసిపోయేదాకా. సగంలో కళ్ళెత్తి చూస్తే నాయనమ్మ నా పక్కనే నిలబడి ఉంది.

"ఏటే గుంటా, ఆ పెట్టెలో డప్పుందేటి?"

"సుత్తులున్నాయి నాయనమ్మా, చిన్నచిన్నవి. అవి తీగల్ని కొడతాయి."

"ఎవులి కోసరం కొడతన్నారు?"

యుద్ధంలో చచ్చిపోయిన స్నేహితుల కోసం ఒకాయన రాశాడనీ, ఒక్కొక్కరికీ ఒక్కో నాట్యమనీ చెప్పాను. ఆమె నమలడం ఆపేసింది. "అయితే ఆల్లకీ తెలుసన్నమాట," అంది. "మా అయ్యకి కొట్టనేదే."

నాయనమ్మ తండ్రి, అంటే మా ముత్తాత సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. శ్రీకాకుళం వైపు తీరం నుంచి కూలిపనికి ఓడెక్కి వచ్చాడు. కూలి నచ్చలేదు, వల పట్టాడు. జపాను వాళ్ళు దీవుల్ని పట్టుకున్న కాలంలో కూడా వేట మానలేదు, ఇంట్లో తినేవాళ్ళున్నారు మరి. చీకట్లో పడవ మీద లాంతరు పెట్టుకున్నాడు. చేపలు వెలుగుకి వస్తాయని పెట్టుకున్నాడు. సముద్రంలో ఉన్న బ్రిటిషు ఓడలకు సైగ చేస్తున్నాడని జపాను వాళ్ళు పట్టుకెళ్ళారు. ఆ రోజుల్లో అలా పట్టుకెళ్ళినవాళ్ళు చాలామంది. తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. మా వాడు రాలేదు, శవమూ రాలేదు. నాయనమ్మకు అప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. వాళ్ళమ్మ ఏడవడానికి కూడా నోట్లో కొంగు కుక్కుకుంది. ఏడిస్తే గూఢచారి పెళ్ళామని ఆమెనూ తీసుకుపోతారు.

ఉత్తరాంధ్ర సముద్రం ఒడ్డువాళ్ళకు డప్పు లేని చావు చావే కాదు. ఉన్నవాడైనా లేనివాడైనా పాడె ముందు డప్పులు మోగాలి, ముందు కుర్రాళ్ళు చిందెయ్యాలి. నాయనమ్మ చేతిలో పెరిగిన నాకది బాగా తెలుసు. వండూర్‌లో ముక్కూమొహం తెలియని మనిషి శవం వెళ్తున్నా ఇంట్లోంచి బయటికొచ్చి నిలబడేది, డప్పు దూరమయ్యేదాకా లోపలికి వెళ్ళేది కాదు. తండ్రికి లేని డప్పును ఊరందరి డప్పుల్లోనూ వినడానికి నిలబడేదని నాకు ఈ వయసుకిగానీ తట్టలేదు. యుద్ధం అయిపోయాక కొట్టించుకోవచ్చు కదా అంటారేమో. అప్పటికి గూఢచారి అన్న మాట ఇంటికి అంటుకుంది. ఎవడో పరాయి సైన్యం వాడు వేసిన ముద్రను సొంత వీధివాళ్ళు జాగ్రత్తగా దాచిపెట్టారు. మా నాన్నను చిన్నప్పుడు బడిలో 'జాసూస్ కా నాతీ' అనేవాళ్ళట, గూఢచారి మనవడు అని. ఆయన నాకు ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు, అదీ చేపముల్లు తీస్తూ, తల ఎత్తకుండా.

"మా అయ్య కోసరం ఓపాలి కొట్టు," అంది నాయనమ్మ. "అందరి ముందలా కొట్టు. నాను కూకుని ఇంటాను."

కొడతానన్నాను. మాటిచ్చాక దీదీ వైపు చూశాను. ఆమె అప్పటికే మళ్ళీ మొదటి పుటకు తిప్పేసింది.

సభకు కొద్దిరోజుల ముందు సార్ రిహార్సల్ చూడటానికి వచ్చాడు. మొదటి నాట్యానికి తల ఊపాడు. నెమ్మదిదానికి కళ్ళు మూసుకున్నాడు. ఆఖరిది సగం కూడా కాకుండానే చెయ్యెత్తి ఆపాడు. "మేడమ్, యే శ్రద్ధాంజలి హై, షాదీ నహీ." ఇది శ్రద్ధాంజలి, పెళ్ళి కాదట. మొదటిది, నెమ్మదిది చాలు, వెంటనే తాను మైకు దగ్గరికి వచ్చి వందన సమర్పణ చేస్తాడు, అందరూ లేచి నిలబడి మౌనం పాటిస్తారు.

ఇది రాసినాయన చచ్చిపోయిన స్నేహితుల కోసమే ఇలా రాశాడండీ అని చెప్పాను. మా తీరంవాళ్ళం చావుకి డప్పు కొడతామనీ చెప్పాను. మా ముత్తాత పేరు కూడా చెప్పి, సభలో ఒక్క మాట అనమని అడిగాను.

"వో ఫౌజ్ మే థే?" అన్నాడు. సైన్యంలో ఉన్నాడా అని.

"కాదు సార్. చేపలు పట్టేవాడు."

ఆయన మొహంలో ఇబ్బంది కనిపించింది. సభ అమరవీరుల కోసమట, ఒక్కొక్క ఇంటివాళ్ళ పేర్లు చదువుతూ పోతే తెల్లారిపోతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ముత్తాత వీరుడని నేను ఎప్పుడూ అనలేదు. తుపాకీ పట్టుకోలేదు, నినాదం ఇవ్వలేదు. పిల్లలకు చేపలు తేవడానికి వెళ్ళాడు. అలాంటి మనిషిని చంపితే అది యుద్ధం లెక్కలోకి రాదా? సైనికుడు చస్తే అమరుడు, జాలరి చస్తే అనుమానితుడు! ఇదంతా నేను గట్టిగానే అన్నాను. సార్ ఓపిగ్గా విని, హాలు బడిదని, పియానో బడిదని, నేను బడిలో ఉద్యోగినినని ఒక్కొక్కటే గుర్తు చేసి వెళ్ళిపోయాడు. ఆయన చెడ్డవాడేం కాదు. చావంటే తెల్లబట్టలూ నిశ్శబ్దమూ అనుకునే రకం, అంతే.

ఆయన వెళ్ళాక దీదీతో కూర్చుని ఉపాయం ఆలోచించాం. నెమ్మది నాట్యం ఆఖరి స్వరం మీద చేతులు తియ్యకూడదు. అది మోగుతుండగానే పిడుగులాంటి దానిలోకి దూకెయ్యాలి. చప్పట్లకూ సందు ఇవ్వకూడదు, వందన సమర్పణకూ సందు ఇవ్వకూడదు.

నాన్నకు మాత్రం ఇది నచ్చలేదు. సభకు ముందురోజు వరండాలో పట్టుకుని అడిగాడు. "ఎందుకు తల్లీ ఇదంతా? జానే దో నా, పోనీ. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, మనం చెప్పలేదు. నోరు మూసుకున్నారు గనకే మన వాళ్ళు బతికి బట్టకట్టారు."

"బతికి బట్టకట్టాం కదా నాన్నా. ఇంకా ఎందుకు మూసుకోవడం?"

"నీకేం తెలుసు? అనిపించుకున్నది నేను."

ఆయన కోపంగా చెప్పలేదు, అందుకే మరీ బాధేసింది. అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. ఆయన రావద్దనుకుంటే రానక్కర్లేదు, నాయనమ్మను ఆటోలో పంపిస్తే చాలన్నాను.

సభరోజు ఆయనే తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిపించి, ముందు వరసలో ఒక పక్కగా కూర్చోబెట్టి తనూ కూర్చున్నాడు. అమ్మ ఆవిడకు పెట్టెలోంచి తీసిన కొత్త చీర కట్టింది. హాలు నిండింది. యూనిఫాంలు, గంజి చీరలు, వెనక వరసల్లో బడిపిల్లలు. ఉపన్యాసాలు సాగాయి. త్యాగం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, లాంతరు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

మా వంతు వచ్చింది. మొదటి నాట్యం బాగానే సాగింది. ఒక మీట నొక్కితే లేవలేదు, గోటితో పైకి లాగాను, ఎవరూ చూడలేదు. తరవాత నెమ్మదిది. దీదీ అంత మెత్తగా వాయించడం నా చిన్నప్పటి నుంచీ వినలేదు. నేను కింది స్వరాలు మాత్రమే పట్టుకుని ఆమె వెనక నడిచాను. ఆఖరి స్వరానికి వచ్చాం. మీటలు నొక్కి పట్టుకుని, దూకడానికి ఊపిరి తీసుకున్నాను.

"అయ్యా!"

నాయనమ్మ లేచి నిలబడి ఉంది. గొంతు అంత పెద్దగా వస్తుందని నాకు తెలియదు. చేతులు మీటల మీదే బిగుసుకుపోయాయి. స్వరం ఆరిపోయింది, మేం వేసుకున్న ఉపాయం కాస్తా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఆమె ఏం చేస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. నేను డప్పు గురించే ఆలోచించాను. ఆమె ఈ నెమ్మది నాట్యాన్ని దింపుడు కల్లం అనుకుంది. వల్లకాటికి వెళ్ళే దారిలో పాడెను ఒకచోట దించుతారు. డప్పులు ఆపేస్తారు. కొనఊపిరి ఏమైనా ఉంటే పలుకుతాడేమోనని, దగ్గరివాళ్ళు వంగి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలక్కపోతే ఎత్తుకుని సాగిపోతారు. మొదటి నాట్యంతో తండ్రి ఇంట్లోంచి బయల్దేరాడు, ఇప్పుడు దించారు, ఇక పిలవాలి. ఆడవాళ్ళు ఆ దారిలో వెళ్ళకూడదంటారు. తండ్రి వెళ్ళాల్సిన రోజున దారే లేకుండా చేశాక, ఎవరు వెళ్ళాలో చెప్పే హక్కు ఎవరికుంది?

సార్ అప్పటికే మైకు దగ్గరికి వచ్చేశాడు. "మా జీ, ప్లీజ్, బైఠ్ జాయియే," అన్నాడు, కూర్చోమని. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నాయనమ్మ ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

"అయ్యా!" అని మళ్ళీ పిలిచింది. ఈసారి మధ్యలోనే గొంతు విరిగిపోయింది. ఏడవకూడదని చిన్నప్పుడు నేర్చుకున్న మనిషికి ఏడుపు అలవాటు లేదు, ఊపిరి అందక కుర్చీ వీపు పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. రెండు పిలుపులయ్యాయి. మూడోది పిలవకుండా పాడె ఎత్తకూడదు. నేను పిలుద్దామని నోరు తెరిచాను. నాకూ రాలేదు.

నాన్న లేచాడు. ఆమెను కూర్చోబెడతాడనుకున్నాను. చెయ్యి ఆమె భుజం మీద వేసి తల ఎత్తాడు.

"తాతా!"

హాలు దద్దరిల్లింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. నా జన్మలో మా నాన్న నోట ఆ మాట వినలేదు. జాసూస్ కా నాతీ అని నవ్విన వాళ్ళలో ఎందరో అదే ఊళ్ళో ఇంకా బతికే ఉన్నారు, కొందరు ఆ హాల్లోనే ఉండొచ్చు. వినాలనే అంత గట్టిగా పిలిచాడు.

ఎవరూ పలకలేదు. సార్ గొంతు సవరించుకుని కాగితం విప్పాడు. మాన్యవర్, అని మొదలుపెట్టాడు. దించిన పాడెను నేల మీద వదిలేసి వందన సమర్పణ వినే జనం కాదు మేము. దీదీ వైపు చూశాను. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆమె చేతులు మీటల మీంచి తియ్యలేదు.

"ఉఠావో బేటీ," అంది. ఎత్తమని.

ఎత్తాం. సార్ మైకులో రెండు మూడు మాటలు అన్నాడు, అవి నాకూ వినిపించలేదు, ఎవరికీ వినిపించి ఉండవు. ఆ నాట్యాన్ని మేం గొప్పగా వాయించామని చెప్పను. తప్పులు బోలెడు. దీదీ ఒకచోట వెనకబడింది, నేనొకచోట పరిగెత్తాను. దిగిపోయిన శ్రుతిలో, తుప్పు తీగల మీద, ఆ సుత్తులు విరిగినా సరేనని కొట్టాం. ఒక తీగ నిజంగానే తెగింది. నాయనమ్మ కూర్చోలేదు. నాన్న ఆమెను పట్టుకుని నిలబడే ఉన్నాడు. వెనక బడిపిల్లలు కాళ్ళతో దరువు వేస్తుంటే టీచర్లు ఆపబోయి ఊరుకున్నారు. సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తన కుర్చీలోకి వెళ్ళాడు.

అయిపోయాక చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో నాయనమ్మ నాన్నతో అన్న మాట మైకు లేకుండానే వేదిక దాకా వినిపించింది.

"పద నాయినా. ఇంటికెల్లి తానం సెయ్యాలి."

ఇంకా ఉపన్యాసాలున్నాయి, టీ ఉంది, ఫొటోలున్నాయి. మేం ఆగలేదు. పియానోల మూతలు వేసి నేనూ దీదీ కూడా వాళ్ళ వెనకే నడిచాం. లంబాలైన్‌లో మా ఇంటి వెనక సిమెంటు గట్టు మీద నాయనమ్మను కూర్చోబెట్టి నాన్న చెంబుతో ఆమె తలమీద నీళ్ళు పోశాడు. ఆమె ఆ నీళ్ళ కింద పెద్దగా ఏడ్చింది, పక్కవీధికి వినిపించేలా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. తరవాత నాన్న, తరవాత దీదీ, ఆఖరున నేను. లోపల నా ఫోన్ మోగుతూనే ఉంది, సార్ అయి ఉంటాడు. నా తలమీద ఇంకా నీళ్ళు పడుతున్నాయి. మోగనిచ్చాను.